మంచం పక్కన స్కానింగ్: హౌస్ సర్జన్లు, కొత్త పీజీలు ఎలా మొదలుపెట్టాలి

వార్డుకు చేతిలో ఇమిడే కొత్త అల్ట్రాసౌండ్ మెషీన్ వచ్చిందంటే చాలు, అందరికీ చేతులు దురదపెడతాయి. ఒకరు తన గుండె చూసుకుంటారు, ఒకరు పక్కవాడి కిడ్నీ చూస్తారు. ఆగండి. మన దేశంలో ఈ పని మొదలయ్యేది కాగితం దగ్గర. పిండం ఆడో మగో చెప్పకుండా ఆపడానికి 1994లో వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ఆ మెషీన్ రిజిస్టరై ఉండాలి. జేబులో పట్టేదైనా, సెల్‌ఫోన్‌కు తగిలించేదైనా మినహాయింపు లేదు. ఫారం బి అనే సర్టిఫికెట్‌లో మీ మెషీన్ మేక్, మోడల్ ఉన్నాయో లేదో చూడండి. ఆ సర్టిఫికెట్ గోడమీద అందరికీ కనబడేలా ఉండాలి. పిండం ఆడో మగో చెప్పడం నేరమన్న బోర్డు కూడా ఉండాలి. పోర్టబుల్ మెషీన్‌ను రిజిస్టరైన ఆవరణలోనే, అక్కడ అడ్మిటైన పేషెంట్లకే వాడాలి. ఈ వారం తిరుపతిలో, వచ్చే వారం పీలేరులో స్నేహితుడి క్లినిక్‌లో అంటూ బ్యాగులో వేసుకుని తిప్పకూడదు.

ఎవరు స్కాన్ చేయవచ్చన్నది కూడా ఆ చట్టం కింది రూల్సులోనే ఉంది. మీ పేరు మీద చేస్తున్నారా, మీ యూనిట్ చీఫ్ పర్యవేక్షణలో నేర్చుకుంటున్నారా అన్నది మొదటిరోజే తేల్చుకోండి. గర్భిణి అయితే, లేదా గర్భం ఉందేమో అన్న అనుమానమున్నా, హౌస్ సర్జన్ ప్రోబ్, అంటే ఒంటిమీద ఆనించి చూసే భాగం, ముట్టుకోకపోవడమే మేలు. గర్భిణి స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపి, అర్హత ఉన్నవాళ్లు చేయాల్సిన పని అది. మొదటిసారి తప్పుకే మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, శిక్ష పడితే మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి ఐదేళ్లు పేరు తీసేయడం. ఇంకా పర్మనెంట్ రిజిస్ట్రేషనే రాని మీకు ఎందుకొచ్చిన తంటా?

కాగితం సంగతి తేలాక, ప్రోబ్ తీసే ముందు కేస్ షీట్‌లో ఒక్క లైను రాయండి. ఏం తెలుసుకోవడానికి చూస్తున్నారు? అవునో కాదో అని జవాబొచ్చే ప్రశ్న అయి ఉండాలి. "పొట్ట స్కాన్" అన్నది ప్రశ్న కాదు. "బైకు మీంచి పడ్డాడు, బీపీ 80 ఉంది, పొట్టలో రక్తం చేరిందా?" ఇది ప్రశ్న. "నిన్నటి నుంచి యూరిన్ రాలేదు, బ్లాడర్ నిండి ఉందా, ఖాళీగా ఉందా?" ఇదీ ప్రశ్నే. రేడియాలజిస్టు చేసే స్కాన్‌కూ మనం మంచం పక్కన చేసేదానికీ తేడా ఇక్కడే ఉంది. ఆయన అవయవం మొత్తం చదువుతాడు. మనం ఒక ప్రశ్నకు జవాబు తీసుకుని వైద్యం మొదలుపెడతాం, మిగతాది ఆయనకు వదిలేస్తాం. నా చూపులో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం ఈ లైను రాయకపోవడంతోనే మొదలవుతాయి. ప్రశ్న లేకుండా ప్రోబ్ పెట్టినవాడు కనిపించిందల్లా చూస్తాడు, చూడాల్సింది వదిలేస్తాడు.

మెషీన్ దగ్గర

ప్రోబ్‌లు మూడు. వంపు తిరిగిన కర్విలీనియర్ 2 నుంచి 5 మెగాహెర్ట్జ్, లోతుగా చూస్తుంది. పొట్టకు, ఊపిరితిత్తులకు ఇదే. బల్లపరుపు లీనియర్ పైపైన ఉన్నవాటికి, అంటే రక్తనాళాలు, చర్మం కింద చీము, ప్లూరా (ఊపిరితిత్తి మీది పొర) గీత లాంటివాటికి. చిన్న ముఖం ఉన్న ఫేజ్డ్ అర్రే పక్కటెముకల సందులోంచి గుండెను చూడటానికి. ఒక్క ప్రోబ్ మాత్రమే ఉంటే కర్విలీనియర్‌తో సగం పైగా పనులు గడిచిపోతాయి. చిన్న ఆసుపత్రిలో కొనేవాళ్లు అడిగితే అదే చెప్పండి.

ప్రోబ్ పక్కన గాడిగానో చుక్కగానో ఒక మార్కర్ ఉంటుంది. పొట్ట, ఊపిరితిత్తుల స్కాన్‌లో తెరమీద గుర్తు ఎడమవైపు ఉంటుంది. అడ్డంగా చూస్తే మార్కర్ పేషెంటు కుడివైపుకు, నిలువుగా చూస్తే తలవైపుకు. గుండె డాక్టర్లు తెరగుర్తును కుడివైపు పెట్టుకుంటారు. మెషీన్ ఎవరో కార్డియాలజీకి తీసుకెళ్లి తిరిగి తెచ్చారంటే ప్రీసెట్ మారిపోయి ఉంటుంది. మీకు అన్నీ తారుమారుగా కనిపిస్తాయి. అనుమానం వస్తే ప్రోబ్ ఒక అంచు వేలితో తట్టండి, తెరమీద ఏ వైపు కదిలిందో చూడండి.

పట్టు ముఖ్యం. ప్రోబ్‌ను పెన్ను పట్టినట్టు కిందికంటా పట్టుకోండి. చిటికెన వేలు, అరచేతి అంచు పేషెంటు ఒంటిమీద ఆనాలి. చెయ్యి గాల్లో ఉంటే బొమ్మ నిలవదు. జెల్ దండిగా వేయండి. మొదట లోతు ఎక్కువ పెట్టి అంతా చూసి, తర్వాత మీకు కావలసింది తెర మధ్యకు వచ్చేలా తగ్గించండి. గెయిన్ అనే మీట వెలుతురును పెంచుతుంది. దాన్ని పెంచేసి నల్లటి నీళ్లను బూడిదరంగు చేసుకోవడం కొత్తవాళ్ల అలవాటు. వార్డులో ట్యూబ్‌లైట్ ఆర్పించి, లేదా తెరకు అడ్డంగా కర్టెన్ లాగి చూడండి, గెయిన్ పెంచాల్సిన అవసరమే రాదు.

పేషెంటుతో మాట్లాడండి. "అయ్యా, ఎదమీద చల్లగా జెల్ పూస్తా, నొప్పేం ఉండదు" అంటే చాలు. ఆడవాళ్లయితే పక్కన సిస్టర్ ఉండాలి, చూసే చోటు తప్ప మిగతా ఒళ్లు దుప్పటితో కప్పి ఉండాలి. ఇక తిరుపతిలో డ్యూటీ అంటే సగం మంది తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే. "గాలి పీల్చండి"తో పాటు "మూచ్చు ఇళుంగ" కూడా నేర్చుకుని పెట్టుకోండి, పని తేలికవుతుంది.

ఊపిరితిత్తులు: ముందు ఇక్కడే చేయి తిప్పండి

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎక్కడ చూసినా దొరుకుతుంది, త్వరగా వస్తుంది, వైద్యాన్ని వెంటనే మారుస్తుంది. అలిపిరి మెట్లదారిలో సగంలో ఎగశ్వాస పట్టి వచ్చిన పెద్దాయననే తీసుకోండి. బీపీ ఉంది, షుగర్ ఉంది, నలభై ఏళ్లుగా బీడీలు. స్టెత్ పెడితే రెండువైపులా పిల్లికూతలు. గుండె బలహీనపడి నీరు చేరిందా, బీడీ వల్ల గొట్టాలు బిగుసుకున్నాయా? ఒకదానికి నీరు తీసే లాసిక్స్, రెండోదానికి నెబులైజర్. స్టెత్ చాలాసార్లు ఇక్కడ మోసం చేస్తుంది.

పేషెంటును తల ఎత్తి పడుకోబెట్టండి. కాలర్‌బోన్ కింద, రెండో మూడో పక్కటెముకల సందులో ప్రోబ్‌ను నిలువుగా పెట్టండి, మార్కర్ తలవైపు. తెరమీద రెండు పక్కటెముకలు, వాటి కింద రెండు నల్లటి నీడలు కనబడతాయి. ఆ రెంటి మధ్య, ఎముక పైభాగం కంటే కొంచెం కిందగా ఒక తెల్లటి మెరిసే గీత. అదే ప్లూరా. ఇది కనిపించే దాకా ఇంకేదీ చదవకండి. గీత మసకగా ఉంటే ప్రోబ్‌ను అటూ ఇటూ కొద్దిగా వంచండి. అల్ట్రాసౌండ్ ప్లూరాను నిట్టనిలువుగా తాకినప్పుడే గీత కత్తిలా కనిపిస్తుంది.

పేషెంటు ఊపిరి తీసినప్పుడు ఆ గీతమీద ఏదో జరజరా పాకుతుంది. చీమలబారు నడుస్తున్నట్టు ఉంటుంది. అది కనిపిస్తే ప్రోబ్ కింద ఆ చోట ఊపిరితిత్తి ఛాతీగోడకు ఆని ఉందన్నమాట, అక్కడ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తికీ ఛాతీగోడకూ మధ్య గాలి చేరడం) లేదు. దీన్ని చూడటానికి లోతు నాలుగైదు సెంటీమీటర్లకు తగ్గించండి.

గీత కింద అడ్డంగా, సమాన దూరంలో మళ్లీ మళ్లీ కనిపించే తెల్ల గీతలు ఏ-లైన్లు. గాలి ఉందని చెబుతాయి. అవి మామూలు. బి-లైన్లు వేరు. ప్లూరా గీత దగ్గర మొదలై, తెర అట్టడుగు దాకా మసకబారకుండా నిలువుగా దిగుతాయి. ఊపిరితో పాటు కదులుతాయి, దారిలో ఏ-లైన్లను చెరిపేస్తాయి. నాలుగు లక్షణాలూ సరిపోతేనే బి-లైన్ అనండి. వీటికోసం లోతు 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెంచాలి. మెషీన్‌లో బొమ్మను నునుపు చేసే హార్మోనిక్స్, కాంపౌండింగ్ లాంటివి ఉంటే ఆపేయండి. అందమైన బొమ్మ ఇక్కడ పనికిరాదు, ఆ ఫిల్టర్లు బి-లైన్లనే తుడిచేస్తాయి.

ఒక సందులో ఒకటో రెండో కనిపించినంత మాత్రాన కంగారుపడక్కర్లేదు. మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే లెక్కలోకి తీసుకోండి. ఒక్కో వైపు నాలుగు చోట్ల చూడండి: ముందు పైన, ముందు కింద, పక్కన పైన, పక్కన కింద. రెండువైపులా, ఒక్కోవైపు కనీసం రెండు చోట్ల అలా ఉంటే ఊపిరితిత్తులు తడిసి ఉన్నట్టు. మన పెద్దాయనకు ఇలా ఉండి, ప్లూరా గీత నునుపుగా ఉంటే గుండె వైపు మొగ్గండి. అన్ని చోట్లా ఏ-లైన్లు, గీత చక్కగా పాకుతూ ఉంటే బీడీ వైపు. ఫ్రాన్స్‌కు చెందిన లిచ్టెన్‌స్టీన్ 2008లో ప్రచురించిన బ్లూ ప్రోటోకాల్ సారం దాదాపు ఇదే. ఒకవైపు మాత్రమే, ఒక చోట మాత్రమే బి-లైన్లు గుంపుగా ఉంటే నెమ్ము అనుకోండి. గీత చినిగిన అంచులా ఉంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అయితే బి-లైన్లన్నీ గుండె జబ్బే అనుకుంటే మళ్లీ దెబ్బతింటారు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్‌లోనూ వస్తాయి, ఊపిరితిత్తి గట్టిపడే ఫైబ్రోసిస్‌లోనూ వస్తాయి. అక్కడ గీత గరుకుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

గీత పాకకపోతే? వెంటనే ఛాతీలో ట్యూబ్ వేయడానికి పరుగెత్తకండి. మన ప్రాంతంలో పాత టీబీ వల్ల ప్లూరా అతుక్కుపోయినవాళ్లు బోలెడు మంది. వాళ్లకు న్యూమోథొరాక్స్ లేకపోయినా గీత పాకదు. వెంటిలేటర్ ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి దిగిపోతే ఎడమవైపు పాకదు. అప్పుడు గీత గుండె కొట్టుకునే లయకు చిన్నగా అదురుతుందేమో చూడండి. అదిరితే ఊపిరితిత్తి అక్కడే ఉంది. బి-లైన్ ఒక్కటి కనిపించినా అంతే. ప్రోబ్‌ను పక్కకు జరుపుతూ పోతే ఒకే సందులో ఒక చోట పాకుతూ, పక్కనే పాకకుండా ఉండే అంచు దొరికితే, దాన్ని లంగ్ పాయింట్ అంటారు, అప్పుడు న్యూమోథొరాక్స్ అని గట్టిగా చెప్పవచ్చు. బీపీ పడిపోతూ, ట్రేకియా (గొంతులోని గాలిగొట్టం) పక్కకు తొలగిపోయి పేషెంటు నీలంగా మారుతుంటే మాత్రం ఇదంతా చూస్తూ కూర్చోకండి. అది చేతితో, చెవితో తేల్చాల్సిన కేసు.

ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు కోసం ప్రోబ్‌ను పక్కటెముకల వెనకవైపుకు, నడుముకు పైన తీసుకెళ్లండి. ముందు ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రం దొరకాలి. దాని కింద కుడివైపు లివర్, ఎడమవైపు స్ప్లీన్. డయాఫ్రం పైన నల్లగా ఉంటే నీరు. మామూలు మనిషిలో గాలి అడ్డుపడి డయాఫ్రం పైన వెన్నెముక కనబడదు. నీరుంటే ఆ నీట్లోంచి వెన్నెముక గీత పైదాకా సాగుతుంది. నిలబెట్టి తీసిన ఎక్స్-రేలో మూల మూసుకుపోవడానికి సుమారు 200 మి.లీ. కావాలి. ప్రోబ్‌కు అందులో కొంచెమున్నా చాలు.

సూదితో ఆ నీరు తీయాల్సివస్తే, చూసిన భంగిమలోనే, చూసిన చోటే, అప్పుడే తీయండి. కూర్చోబెట్టి గుర్తు పెట్టి, వార్డుకు పంపి, గంట తర్వాత పడుకోబెట్టి పొడిచే పద్ధతి మానుకోండి. నీరు జరుగుతుంది, గుర్తు జరగదు. కింది పక్కటెముక పై అంచు మీదుగా పోవాలన్న పాత సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

దెబ్బ తగిలి వచ్చినవాళ్లు

చంద్రగిరి రోడ్డుమీదో, రేణిగుంట దగ్గరో బైకు జారి వచ్చిన కుర్రాడికి ఫాస్ట్ స్కాన్, అంటే లోపల రక్తం చేరిందా అని గబగబా చూసే స్కాన్ చేయాలి. నాలుగు కిటికీలు: కుడివైపు లివర్, కిడ్నీ మధ్య, ఎడమవైపు స్ప్లీన్ చుట్టూ, బ్లాడర్ వెనక, రొమ్ము ఎముక కింది నుంచి గుండె చుట్టూ. దీనికి రెండు ఊపిరితిత్తులు కలిపితే ఈ-ఫాస్ట్.

కుడివైపు చూసేటప్పుడు లివర్, కిడ్నీ మధ్య గీతే చూసి వదిలేస్తారు చాలామంది. లివర్ కింది కొనను తప్పక చూడండి, నీరు తరచుగా మొదట అక్కడే చేరుతుంది. ఎడమవైపు ప్రోబ్ ఇంకా వెనక్కి, ఇంకా పైకి పోవాలి. మీ వేళ్ల కణుపులు మంచానికి తగలకపోతే సరిపడా వెనక్కి పోలేదన్నమాట. స్ప్లీన్, కిడ్నీ మధ్య కంటే స్ప్లీన్, డయాఫ్రం మధ్యన ముందు చూడండి. పెల్విస్ చూడాలంటే బ్లాడర్ నిండి ఉండాలి. సిస్టర్ ఫోలే (యూరిన్ గొట్టం) వేసేలోపు ప్రోబ్ పెట్టండి. వేసేశారంటే మీ కిటికీ మూసుకుపోయినట్టే. క్యాజువాలిటీలో ఇది రోజూ జరిగేదే, ముందే చెప్పి ఉంచాలి.

కుడివైపు నల్లటి చార కనబడాలంటే పొట్టలో సుమారు 200 మి.లీ. అయినా ఉండాలి. అందుకే అరగంటకోసారి మళ్లీ చూడటం అలవాటు చేసుకోండి. ఫాస్ట్‌లో ఏమీ లేదంటే పేషెంటుకు ఏమీ కాలేదని అర్థం కాదు. పేగు చిరిగినా, వెన్నువైపు రెట్రోపెరిటోనియంలో రక్తం కారినా, పెల్విస్ ఎముక విరిగి అక్కడే రక్తం పేరుకున్నా ఇది చెప్పదు. నీరు కనిపించి బీపీ నిలబడనివాణ్ని సర్జన్ దగ్గరికి, నీరు కనబడకపోయినా పొట్ట గట్టిగా ఉన్నవాణ్ని సీటీకి పంపండి. ఇంకోటి, లివర్ పాడై పొట్టలో ముందే నీరున్న మనిషి బైకు మీంచి పడవచ్చు. నల్లగా కనిపించిందల్లా రక్తం కాదు.

డెంగ్యూ సీజన్‌లో

వానాకాలం మొదలయ్యాక తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు ప్రాంతాల్లో మన వార్డులు ఎలా నిండిపోతాయో చెప్పక్కర్లేదు. అటెండర్లు, అంటే పేషెంటు వెంట వచ్చినవాళ్లు, అడిగేది ఒక్కటే: "ప్లేట్‌లెట్లు ఎన్ని సార్?" మనం చూడాల్సింది రక్తంలోని నీటిభాగమైన ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారుతోందా అని. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గుతున్నప్పుడే ఆ ప్రమాదం. కారడం మొదలైతే ఒకటి రెండు రోజులుంటుంది.

కుడివైపు ఛాతీలో నీరు ఉందా, లివర్ చుట్టూ పొట్టలో నీరు ఉందా, గాల్‌బ్లాడర్ గోడ మందంగా ఉందా, ఈ మూడు చూడండి. గోడ మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపుంటుంది. అన్నం తిన్న వెంటనే చూస్తే గాల్‌బ్లాడర్ ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది. కాబట్టి ఎప్పుడు తిన్నాడో అడిగి రాయండి. గుండె జబ్బు, హెపటైటిస్, ఆల్బుమిన్ తగ్గినవాళ్లలోనూ గోడ ఉబ్బుతుంది. ఇవి కనిపించగానే ప్లేట్‌లెట్ల కోసం పరుగెత్తక్కర్లేదు. హిమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష), నాడి, పై బీపీకీ కింది బీపీకీ తేడా, యూరిన్ దగ్గర పెట్టుకుని సెలైన్ ఎంత వేయాలో చీఫ్‌తో మాట్లాడండి. రోజూ ఒకే సమయానికి, ఒకే భంగిమలో చూసి రాస్తే నీరు పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. కోలుకునే దశలో ఆ నీరే తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు సెలైన్ ఆపకపోతే ఊపిరితిత్తుల్లో బి-లైన్లు మొదలవుతాయి.

గుండె, ఐవీసీ: కొంచెం నెమ్మదిగా

గుండెను నేర్చుకోవడం అంత తొందరగా కాదు. మొదటి నెలలో మూడు ప్రశ్నలతో సరిపెట్టుకోండి. చుట్టూ నీరుందా? ఎడమ జఠరిక బాగా ముడుచుకుంటోందా, ఒక మోస్తరుగానా, అసలు కదలట్లేదా? కుడి జఠరిక ఎడమదానికంత పెద్దదిగా ఉబ్బిందా? ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం నెడుతోందన్న లెక్క) అంకెలు మీరు రాయొద్దు. వాల్వుల జోలికి పోవద్దు. నీరు గుండె చుట్టూ ఉందో, ఛాతీలో ఉందో అనుమానం వస్తే పారాస్టెర్నల్ లాంగ్ వ్యూలో, అంటే రొమ్ము ఎముక పక్కనుంచి గుండెను పొడవుగా చూసినప్పుడు, డిసెండింగ్ అయోర్టా (కిందికి దిగే పెద్ద ధమని) గుండ్రంగా కనబడుతుంది. నీరు దానికి ముందు, దానికీ గుండెకూ మధ్య చేరితే పెరికార్డియల్ (గుండె చుట్టూ), దాని వెనకకు పోతే ప్లూరల్ (ఛాతీలో).

ఐవీసీ, అంటే కింది ఒంటి రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర, దాని గురించి వార్డుల్లో వినిపించేదంతా నమ్మకండి. తనంతట తాను ఊపిరి తీసే మనిషిలో, 2.1 సెం.మీ. లోపు ఉండి, ముక్కుతో గబుక్కున గాలి పీల్చినప్పుడు సగానికి పైగా ముడుచుకుంటే కుడి కర్ణికలో ఒత్తిడి తక్కువ. అంతకంటే లావుగా ఉండి, సగం కూడా ముడుచుకోకపోతే ఎక్కువ. ఈ రెండు చివరలే నమ్మదగినవి, మధ్యలో ఉన్నవాళ్ల గురించి అది చెప్పేది తక్కువ. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క పనిచేయదు. ఐవీసీ సన్నగా కనిపించిందని సెలైన్ సీసాలు ఎక్కించేయడం, పక్కన అయోర్టాను చూసి ఐవీసీ అనుకోవడం, రెండూ నేను తరచూ చూస్తుంటాను. లివర్‌లోంచి హెపాటిక్ వీన్ వచ్చి కలుస్తూ, కుడి కర్ణికలోకి తెరుచుకునేదే ఐవీసీ.

సీపీఆర్ జరుగుతున్నప్పుడు ప్రోబ్ వల్ల ఛాతీ నొక్కడం ఆగకూడదు. నొక్కుతుండగానే ప్రోబ్‌ను రొమ్ము ఎముక కింద పెట్టి సిద్ధంగా ఉండండి. నాడి చూసే పది సెకన్లలో వీడియో రికార్డు చేసి, మళ్లీ నొక్కడం మొదలయ్యాక ఆ వీడియో చూసి మాట్లాడండి. "ఒక్క నిమిషం ఆగండి, కనిపించట్లేదు" అన్నవాణ్ని గది బయటకు పంపినా తప్పు లేదు.

మిగతావి

బ్లాడర్‌కు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 0.52తో మళ్లీ గుణిస్తే సుమారుగా మి.లీ. వస్తుంది. యూరిన్ రాలేదని ఫోలే మార్చే ముందు ఇది చూడండి. ఫోలే బెలూన్ ఖాళీ బ్లాడర్‌లో గుండ్రంగా కనబడిందంటే అడ్డంకి ఫోలేలో లేదు.

కాలు వాచినవాళ్లకు గజ్జల్లో కామన్ ఫెమోరల్, మోకాలి వెనక పాప్లిటియల్ వెయిన్లను (సిరలను) లీనియర్ ప్రోబ్‌తో అడ్డంగా పెట్టి నొక్కండి. పక్కన ధమని కొద్దిగా వంగేంత నొక్కినా వెయిన్ పూర్తిగా మూసుకోకపోతే క్లాట్ ఉన్నట్టే. మూసుకుందంటే పైన డీవీటీ (లోపలి సిరలో క్లాట్) లేదని చెప్పవచ్చు, పిక్కలో లేదని చెప్పలేం. అనుమానం గట్టిగా ఉంటే వారం తర్వాత మళ్లీ చూడాలి.

మెడలోని పెద్ద సిరలోకి గొట్టం పెట్టే సెంట్రల్ లైన్ వేసేటప్పుడు ఎక్కువమంది సూది చువ్వను చూసి కొన అనుకుంటారు. అడ్డంగా చూస్తున్నప్పుడు తెల్లచుక్క కనిపించగానే ప్రోబ్‌ను కొంచెం ముందుకు జరపండి. చుక్క మాయమైతే అది కొన. ఇంకా ఉంటే అది చువ్వ, కొన ఇంకా లోపల ఎక్కడో ఉంది. వైర్ పెట్టాక, దారిని వెడల్పు చేసే డైలేటర్ పెట్టే ముందు, వైర్ వెయిన్‌లోనే ఉందని అడ్డంగా, నిలువుగా రెండు రకాలుగా చూసి తీరాలి. పని అయ్యాక అదే వైపు ఊపిరితిత్తి పాకుతోందా అని చూసి వదలండి. ఇక్కడ స్టెరైల్ కవరు, స్టెరైల్ జెల్ వాడాలి. వార్డులో రోజుల తరబడి నింపి నింపి వాడే సీసా జెల్ సూది పోయే చోట అసలు పూయకూడదు, అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి.

రాయడం, చెప్పడం

చూసిందాన్ని కేస్ షీట్‌లో తేదీ, టైముతో రాయండి. ప్రశ్న, ఏ ప్రోబ్, ఏ చోట్ల చూశారు, ఏం కనిపించింది, ఏం కనిపించలేదు, బొమ్మ బాగోకపోతే ఆ సంగతి, దీన్నిబట్టి ఏం చేస్తున్నారు, ఎవరు చూశారు, ఎవరు సరిచూశారు. "స్కాన్ నార్మల్" అని రెండు ముక్కలు గీకి పోవద్దు. "కుడి, ఎడమ, పెల్విస్, గుండె చుట్టూ నీరు కనబడలేదు, గ్యాస్ వల్ల ఎడమవైపు సరిగా కనబడలేదు, అరగంటలో మళ్లీ చూస్తాం" అని రాస్తే రాత్రి డ్యూటీకి వచ్చేవాడికి పనికొస్తుంది. అనుకోకుండా కిడ్నీలో గడ్డలాంటిది కనిపిస్తే దానికి మీరు పేరు పెట్టవద్దు, రేడియాలజీ స్కాన్ కావాలని రాయండి చాలు.

అటెండర్లతో ఒక చిక్కు ఉంటుంది. మీరు ప్రోబ్ పెట్టడం చూసి "స్కానింగ్ అయిపోయిందిగా, మళ్లీ డబ్బులెందుకు" అని రేడియాలజీకి వెళ్లడం మానేస్తారు. అక్కడికక్కడే చెప్పండి: "నాయనా, అర్జెంటని ఒక్క సంగతి చూసుకున్నా. పూర్తి స్కానింగ్ వేరే ఉంది, అది కావాలి." ఈ మాట చెప్పినట్టు కూడా రాయండి. స్కాన్ బొమ్మ ఫోన్‌లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు పేరు, ఐపీ నంబరు తెరమీద ఉన్నాయా అని రెండుసార్లు చూసుకోండి. పెట్టకపోతే ఇంకా మంచిది.

నేర్పేవాళ్లకు

మొదటి క్లాసులో జబ్బున్న పేషెంటు దగ్గరికి తీసుకుపోవద్దు. హౌస్ సర్జన్లు ఒకరి ఊపిరితిత్తులు ఒకరు చూసుకోవాలి. మామూలు గీత ఎలా పాకుతుందో వందసార్లు చూసిన కంటికే పాకనిది తెలుస్తుంది. పొట్ట కింది భాగం, పెల్విస్ మాత్రం ఆడపిల్లల మీద ప్రాక్టీసు చేయించకండి. చట్టం సంగతి పైనే చెప్పాను, దానికి తోడు ఎవరికీ తెలియని గర్భమో ఇంకోటో క్లాసు మధ్యలో బయటపడటం ఎవరికీ మంచిది కాదు. ఒప్పుకున్నవాళ్ల మీదే చేయించాలి, ఒప్పుకోనివాళ్లను కారణం అడగకూడదు.

రెండో మెట్టులో, జబ్బేంటో ఇప్పటికే తెలిసిన పేషెంటు దగ్గరికి తీసుకెళ్లండి. సీటీలో ఎడమవైపు నీరని వచ్చినవాణ్ని చూపించి, "ఎక్కడుందో వెతుకు" అనండి. జవాబు తెలిసినప్పుడు చెయ్యి ధైర్యంగా కదులుతుంది. ఒక మంచం చుట్టూ పదిమంది నిలబడితే నేర్చుకునేది ఒక్కడే, విసుక్కునేది పేషెంటు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ప్రోబ్ విద్యార్థి చేతిలోనే ఉండాలి. మీరు చెయ్యి వేసి తిప్పేస్తే వాడి చేతికేమీ రాదు. "తోకను కిందికి వంచు", "తలవైపు జరుపు", "అక్కడే తిప్పు" అని నోటితోనే చెప్పండి. వినడానికి మీకే చిరాకేస్తుంది, ఓపిక పట్టండి.

మూడోది, ప్రతి స్కాన్ వీడియో దాచిపెట్టి వారానికోసారి రేడియాలజీ పీజీతో కూర్చుని చూడటం. ఇది మానేస్తే మిగతాదంతా వృథా. చూసిన తప్పునే పదేపదే చూసి అదే సరైనదని స్థిరపడిపోతారు. ప్రతి స్కాన్‌కు ఫలితం కూడా వెతకాలి: మీరు రక్తమన్నారు, సర్జన్ పొట్ట తెరిస్తే ఏం కనిపించింది? మీరు నెమ్మన్నారు, సీటీ ఏమంది? అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం లెక్క ప్రకారం ఒక్కో రకం స్కాన్‌కు సరిచూసినవి 25 నుంచి 50 చేసి ఉండాలి. వేరే వాళ్ల లెక్కే అయినా మన దగ్గరా పెట్టుకోదగ్గదే. లాగ్‌బుక్‌లో ఫాస్ట్ 30 ఉన్నవాడికి గుండె ఆరే ఉంటే, రాత్రి రెండింటికి గుండె చూడాల్సివచ్చినప్పుడు వాడు సీనియర్‌ను లేపాలి.

పని అయ్యాక పేషెంటు ఒంటిమీది జెల్ మీరే తుడవండి, సిస్టర్‌కు వదలకండి. ప్రోబ్ మీది జెల్ పూర్తిగా తుడిచాకే డిసిన్ఫెక్టెంట్ వేయాలి, జెల్ మీద వేస్తే పనిచేయదు. స్పిరిట్ కొన్ని ప్రోబ్‌ల ముఖాన్ని పాడుచేస్తుంది. ఏది వాడొచ్చో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ పేజీ ఫోటో తీసి మెషీన్‌కు అతికించండి. వైరు నేలమీద వేలాడకుండా చుట్టి పెట్టండి. ట్రాలీ చక్రం కింద వైరు నలగడం, ప్రోబ్ కిందపడటం, ఇవి రెండూ ఈ మెషీన్లను ఎక్కువగా చంపేవి. ఛార్జింగ్‌కు పెట్టి, ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రిజిస్టర్‌లో సంతకం చేసి వెళ్లండి.